వెలుగు పంచిన ఇంజనీరు డాక్టర్ కె.ఎల్. రావు

గుణదలలో ఏలూరు రోడ్డు మీద ఉన్న విద్యుత్ సౌధ మనందరికీ తెలిసిందే. రాష్ట్ర విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్ గ్రిడ్‌ను అదుపు చేసే లోడ్ డిస్పాచ్ సెంటర్ అక్కడికి వచ్చింది. రాష్ట్రాల కరెంటును కలిపి నడిపే ఏర్పాటు మొదలైన రోజుల్లో కేంద్రంలో విద్యుత్ శాఖ చూసినవారు మన విజయవాడ ఎం.పి. డాక్టర్ కానూరి లక్ష్మణరావు గారు.

ఆయన 1902 జూలై 15న కంకిపాడులో జన్మించారు. తొమ్మిదో ఏట తండ్రి చనిపోయారు. బడిలో ఆడుకుంటుండగా దెబ్బ తగిలి ఒక కంటి చూపు పోయింది. అయినా చదువు మానలేదు. మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి ఇంజనీరింగులో మాస్టర్స్ డిగ్రీ పొందిన మొదటి విద్యార్థి ఆయనే. 1939లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం ఆయనకు పిహెచ్.డి. ఇచ్చింది. స్వదేశానికి వచ్చాక ప్రభుత్వ ఇంజనీరుగా ఆనకట్టల డిజైన్లు చూశారు. నాగార్జునసాగర్ నిర్మాణంలో ఆయన కృషి ఎంతో ఉంది.

1962లో విజయవాడ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. 1963లో పద్మభూషణ్ అందుకున్నారు. అదే ఏడాది కేంద్ర నీటిపారుదల, విద్యుత్ శాఖ మంత్రి అయ్యారు. 1964లో దేశంలో అయిదు ప్రాంతీయ విద్యుత్ బోర్డులు ఏర్పడ్డాయి.

వీటి అవసరం ఏమిటి? కరెంటును బస్తాల్లో ధాన్యంలాగా దాచిపెట్టలేము. ఎంత వాడకం ఉంటే అంతే ఉత్పత్తి జరగాలి. పొలాల్లో మోటార్లు, ఫ్యాక్టరీల్లో యంత్రాలు ఒకేసారి తిరిగితే ఫ్రీక్వెన్సీ 50 సైకిల్స్ నుంచి కిందికి జారుతుంది. అప్పుడు కంట్రోల్ రూము నుంచి ఉత్పత్తి పెంచమని కబురు వెళుతుంది. బొగ్గు కేంద్రం నిదానంగా పెంచుతుంది, జల విద్యుత్ కేంద్రం నిమిషాల్లో అందుకుంటుంది. అప్పటికీ చాలకపోతే రిలేలు కొన్ని ఫీడర్లను ఆపేస్తాయి. ఆ ఊళ్లకు చీకటే. పక్క రాష్ట్రంతో లైను కలిసి ఉంటే అక్కడి మిగులు ఇక్కడి లోటును పూడుస్తుంది. 2013 డిసెంబర్ 31న దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో కలిసి, దేశమంతా ఒకే గ్రిడ్ అయింది.

పల్లెలకు లైన్లు వేయడానికి అప్పులిచ్చే గ్రామీణ విద్యుదీకరణ సంస్థ 1969లో పుట్టింది. అప్పుడు కూడా ఆ శాఖ మంత్రి రావు గారే. రైతు పంపుసెట్టుకు కరెంటు చేరడంలో ఆ సంస్థ పాత్ర పెద్దది.

1986 మే 18న ఆయన కన్నుమూశారు. పులిచింతల ప్రాజెక్టుకు ఆయన పేరే పెట్టారు.

మన హాస్టల్లో తండ్రి లేని తమ్ముళ్లున్నారు, చూపు సరిగా లేనివారూ ఉన్నారు. ఐ.టి.ఐ.లో, పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చదువుతున్నవారూ ఉన్నారు. కంకిపాడు మనకు ఎంతో దూరం లేదు. అక్కడి నుంచి బయలుదేరిన ఆ పిల్లవాడు ఎక్కడిదాకా వెళ్లాడో గుర్తుంచుకుని చదవండి.