బుధుడి లెక్క, లెవెరియే పంతం

కొడుకు చదువు కోసం ఇల్లో పొలమో అమ్ముకున్న తండ్రులు మన కర్నూలు, కడప సీమల్లో కొత్త కాదు. అలాంటివాళ్ల పిల్లలు మన బడిలోనూ ఎందరో చదివారు. 1811లో ఫ్రాన్సులోని నార్మండీలో పుట్టిన ఉర్బేన్ లెవెరియే తండ్రీ అలాంటివాడే. ఎకోల్ పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్షలో కొడుకు తప్పితే, ఇల్లు అమ్మి పారిస్ పంపి మళ్లీ చదివించాడు. రెండోసారి సీటు వచ్చింది. మొదట రసాయనశాస్త్రంలో పనిచేసినా, 1837లో ఖగోళశాస్త్రంలో ఉద్యోగం దొరకడంతో అటు మళ్లాడు.

యురేనస్ న్యూటన్ లెక్క ప్రకారం నడవడం లేదని అప్పటికే తెలుసు. సూత్రాన్ని తప్పుపట్టకుండా, అవతల ఇంకో గ్రహం ఉండి లాగుతోందని లెవెరియే కాగితం మీదే దాని చోటు తేల్చాడు. 1846 సెప్టెంబరు 23 రాత్రి బెర్లిన్‌లో గాలే దుర్భిణి తిప్పితే, చెప్పిన చోటికి ఒక డిగ్రీ లోపే నెప్ట్యూన్ కనిపించింది. (ఇంగ్లండులో ఆడమ్స్ కూడా ఈ లెక్క వేశాడు. ఘనత ఎవరిదన్న తగువు చాలాకాలం నడిచింది.)

బుధుడి దగ్గరే చిక్కు వచ్చింది. బుధుడి కక్ష్యలో సూర్యుడికి అతి దగ్గరి బిందువు నెమ్మదిగా జరుగుతుంటుంది. మిగతా గ్రహాల లాగుడంతా లెక్కకట్టినా నూరేళ్లకు 38 వికలలు మిగిలిపోతున్నాయని 1859లో ప్రకటించాడు. డిగ్రీలో 3600వ వంతు ఒక వికల. ఆ తేడా ఒక్క డిగ్రీ కావాలంటే దాదాపు 9,500 ఏళ్లు! అంత చిన్నదాన్ని వదిలిపెట్టకపోవడమే నా దృష్టిలో నెప్ట్యూన్ కన్నా పెద్ద పని.

మందు మాత్రం పాతదే వేశాడు: బుధుడికి లోపల మరో గ్రహం. లెస్కార్బో అనే పల్లెటూరి డాక్టరు సూర్యబింబం మీద నల్లచుక్క కదలడం చూశానంటే, స్వయంగా వెళ్లి గుచ్చి గుచ్చి అడిగి నమ్మాడు. ఆ గ్రహానికి వల్కన్ అని పేరు కూడా స్థిరపడింది. సూర్యుడి పక్కన అలాంటిది కనబడాలంటే సంపూర్ణ గ్రహణం మంచి అదను. 1868 ఆగస్టు 18న ఆ నీడ మన పక్కనే సాగింది. కర్నూలుకు ఉత్తరాన, కృష్ణ అవతల వనపర్తిలో మద్రాసు వేధశాలకు చెందిన చింతామణి రఘునాథాచారి, గుంటూరులో ఫ్రాన్సు నుంచి వచ్చిన జాన్సెన్ పరిశీలించారు. సూర్యుడి జ్వాలల గుట్టు కొంత తెలిసింది కానీ వల్కన్ జాడ లేదు.

మనిషి కటువు. పారిస్ వేధశాలలో కింది ఉద్యోగులు ఎదురు తిరగడంతో 1870లో పదవి పోయింది. తర్వాత వచ్చిన డెలోనే సముద్రంలో మునిగి చనిపోతే 1873లో మళ్లీ ఆయన్నే పిలిచారు. 1877 మార్చి 22న వల్కన్ సూర్యుడి మీదుగా పోవచ్చన్నాడు. ఎవరికీ ఏమీ కనిపించలేదు. ఆ ఏడే సెప్టెంబరు 23న, నెప్ట్యూన్ దొరికిన తేదీనాడే, కన్నుమూశాడు. న్యూటన్‌ను శంకించడానికి చివరిదాకా మనసొప్పలేదు.

38ని న్యూకోంబ్ తర్వాత 43గా సరిచేశాడు. 1915 నవంబరులో ఐన్‌స్టీన్ కొత్త గురుత్వ సిద్ధాంతం, ఏ కొత్త గ్రహం అవసరం లేకుండా, ఆ 43నే ఇచ్చింది. అదే పరీక్ష ఇప్పుడు నక్షత్రాల మీద జరుగుతోంది. 1974లో దొరికిన జంట పల్సార్‌లో ఆ బిందువు ఏడాదికి 4.2 డిగ్రీలు జరుగుతుంది. బుధుడి 43 వికలల లెక్కన అంత జరగాలంటే 35 వేల ఏళ్లు పడుతుంది.