సంకీర్తన భాండార సేవకులు శ్రీ వేటూరి ప్రభాకరశాస్త్రిగారు

శ్రీనివాసుని సన్నిధిలో తాళ్లపాకవారి పాట వినబడని దినము లేదు. రాత్రి ఏకాంతసేవలో స్వామి పవళించువేళ తాళ్లపాకవారి లాలి జరుగవలసినదే. కొండ దిగి ఇల్లు చేరిన భక్తుడు సైతము తన పూజామందిరములో ఆ పాటనే పాడుకొనుచున్నాడు. ఇది అన్నమాచార్యుల సంకీర్తనమనియు, ఇది ఫలానా రాగమునకు చెందినదనియు, ఇది అధ్యాత్మమనియు, అది శృంగారమనియు నేడు మనము సులభముగా చెప్పుకొనుచున్నాము. ఈ సంగతులను పాట తనంత తాను చెప్పదు. ఎవరో ఒకరు పాటకు పైన ఆ నాలుగు మాటలు వ్రాసియుంచవలెను. వ్రాసినదానిని మఱియొకరు శ్రద్ధతో చదివి లోకమునకు అందింపవలెను. అన్నమాచార్యుల కుమారులు పెదతిరుమలాచార్యులును, వారి వంశీయులును రాగిరేకులపై ఆ మాటలు చెక్కించిరి. నాలుగు శతాబ్దములు గడచిన పిదప వానిని చదివి అందించిన మహనీయులలో శ్రీ వేటూరి ప్రభాకరశాస్త్రిగారు అగ్రగణ్యులు.

శాస్త్రిగారు 1888 ఫిబ్రవరి 7వ తేదీన కృష్ణాతీరమందలి పెదకళ్లేపల్లిలో జన్మించిరి. తల్లిదండ్రులు శేషమ్మ, సుందరశాస్త్రిగారలు. నాగేశ్వరస్వామి వెలసిన ఆ క్షేత్రమునకు సమీపముననే సిద్ధేంద్రయోగి కూచిపూడియు, క్షేత్రయ్యకు జన్మస్థానముగా చెప్పబడు మువ్వయు ఉన్నవి. పాటయు, పదమును, భాగవతమును జనుల నిత్యజీవితములో కలిసిపోయిన సీమ అది. తరువాత వారు తిరుపతి వేంకటకవులలో ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారికి శిష్యులైరి. ఆ గురుకులమున పద్యమును ధారణ చేయుటయు, నోటనున్న పాఠమును వ్రాతలోనున్న పాఠముతో సరిపోల్చుటయు అలవడినవి.

యౌవనమున చెన్నపురికి చేరి అక్కడి ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారమున కొలువు చేసిరి. కర్నల్ మెకంజీ కూర్చిన వ్రాతప్రతులును, బ్రౌన్ దొర సేకరించిన తెలుగు గ్రంథములును చేరిన గొప్ప నిలయము అది. అక్కడ వెలువడిన వివరణాత్మక సూచీగ్రంథములను చూచినవారికి ఆ పని యెంతటి ఓర్పును కోరునో తెలియగలదు. వ్రాతప్రతి తాటియాకులదా, కాగితముదా? ఆకులు ఎన్ని? పుటకు పంక్తులు ఎన్ని? లిపి యేది? శిథిలమా, బాగున్నదా? గ్రంథము సమగ్రమా, అసమగ్రమా? ఇవన్నియు చూచి వ్రాసి, ఆరంభమును అంతమును ఎత్తి చూపి, కర్త యెవరో, విషయమేదో నిర్ణయింపవలెను. విషయ శీర్షిక తప్పిన గ్రంథము భాండాగారములో ఉండియు లేనిదే యగును. వెదకువాడు ఒక చోట వెదకును. అది మఱియొక చోట దుమ్ముపట్టి ఉండును.

కావ్యము విషయమున ఈ పని కొంత సులభము. కావ్యమునకు పేరుండును, ఆశ్వాసాంత గద్యలో కర్త పేరుండును. పాట అట్టిది కాదు. పాటకు పల్లవియే పేరు. చివరి చరణములోని ముద్రయే కర్తకు గుర్తు. ఒక్క కట్టలో పలువురి పాటలు కలిసిపోయి ఉండును. వ్రాయసకాడు తొందరలో రాగము పేరు విడిచిన అది మఱల దొరకదు. పల్లవిలో ఒక మాట మారిన, ఒకే పాట రెండు పాటలుగా లెక్కకు వచ్చును. ఇక విషయము సంగతి: స్వామిని ఊయలలో నిదురపుచ్చు పాటను లాలి యందుమా, వాత్సల్యభక్తి యందుమా, ఉత్సవసేవ యందుమా? ఏ శీర్షిక క్రింద ఉంచినను తక్కిన రెండు చోట్ల వెదకువానికి అది కనబడదు. కావున పాటను ఒక చోట ఉంచి, తక్కిన చోట్ల దాని జాడ తెలుపవలసి యుండును.

ఊరు పేరు లేక తిరుగాడు సాహిత్యమునకు ఊరు పేరు చూపుట శాస్త్రిగారికి జీవితవ్రతమైనది. జనుల నోళ్లలో నలుగుచున్న చాటుపద్యములను కూర్చి చాటుపద్యమణిమంజరి వెలువరించిరి. సంకలన గ్రంథములలో మాత్రమే మిగిలియున్న పద్యములను ఏరి, నష్టమైన కావ్యముల ఉనికిని చాటుచు 1918లో ప్రబంధరత్నావళి ప్రకటించిరి. పాల్కురికి సోమనాథుని బసవపురాణమునకు వారు వ్రాసిన పీఠిక నేటికిని పండితులకు ఆకరము. క్రీడాభిరామము వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమై యుండగా, అది శ్రీనాథునిదని వారు వాదించిరి. ఆ వాదమును అందఱు అంగీకరింపలేదు. గ్రంథము మీది పేరొకటి మారిన కవిచరిత్రయే మారునన్న సంగతి ఆ వాదము వలన లోకమునకు తెలిసినది.

ఈ పాండిత్యమునకు వెనుక సాధకజీవితము ఒకటి ఉన్నది. కుంభకోణమునందలి మాస్టర్ సి.వి.వి. గారి యోగమార్గమును వారు స్వీకరించి జీవితాంతము అనుష్ఠించిరి. పుస్తకములతోడి ఎడతెగని పని వారికి తపస్సునకు ఆటంకము కాలేదు. ఆ పనియే తపస్సైనది.

తిరుమల ఆలయమున ఆనందనిలయ విమాన ప్రదక్షిణ మార్గములో, భాష్యకార్ల సన్నిధి చెంత, చిన్న అర ఒకటి ఉన్నది. అదే సంకీర్తన భాండారము. ద్వారమునకు ఇరువైపుల అన్నమాచార్యులును, పెదతిరుమలాచార్యులును శిలలో నిలిచియున్నారు. తాటియాకు చెదలకు ఆహారమగుననియు, పాడువాని నోట పాట మారిపోవుననియు ఎఱిగిన తాళ్లపాకవారు పాటలను రాగిరేకులపై చెక్కించి అందు భద్రపఱచిరి. కాలక్రమమున ఆ అర మఱపునబడినది. 1922 ప్రాంతమున రేకులు మఱల వెలుగు చూచినవి. దేవస్థాన శాసనములను పరిశోధించిన సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారు 1930 నాటి తమ నివేదికలో వానిని గూర్చి తెలిపిరి. రేకులు రెండువేలకు పైబడినవి. అన్నమాచార్యులు ముప్పదిరెండువేల సంకీర్తనలు రచించిరని వారి మనుమడు చిన్నన్న చెప్పియుండగా, నేడు దొరకినవి సుమారు 12,000 మాత్రమే. మిగిలినవానికి ఏమి గతి పట్టినదో తిరువేంగళనాథునికే ఎఱుక.

చెన్నపురి కొలువు ముగించి శాస్త్రిగారు తిరుపతికి వచ్చి శ్రీ వేంకటేశ్వర ప్రాచ్య పరిశోధన సంస్థలో చేరిరి. తాళ్లపాక వాఙ్మయ పరిష్కరణమున పాల్గొనిరి. అప్పటికే వారు దశాబ్దముల కాలము వ్రాతప్రతుల మధ్య గడపియుండిరి. ఇక్కడ వారి యెదుట ఉన్నది పుస్తకము కాదు, లోహము. అయినను రేకు మీది అక్షరము చెప్పునది ఆ పాత ప్రశ్నలకు సమాధానమే: కర్త యెవరు, విషయమేది, రాగమేది, స్థానమేది.

మొదటిది కర్త. తాళ్లపాకవారి పాటలలో ఇది మిక్కిలి చిక్కైన విషయము. తండ్రియు, కుమారుడును, మనుమడును ఒక్క స్వామికే పాటలు అర్పించిరి. అందఱి ముద్రయు వేంకటేశ నామమే. తమ పేరును దాచి స్వామి పేరును నిలిపిన ఆ వినయము భక్తునకు ఆనందము, సూచిక వ్రాయువానికి పరీక్ష. ముద్రను బట్టి ఇది అన్నమయ్యది, ఇది పెదతిరుమలయ్యది, ఇది చినతిరుమలయ్యది అని చెప్పుట సాధ్యము కాదు. ఏ రేకు ఏ వరుసలోనిది, ఆ వరుస మొదట ఏమి చెక్కబడినది అన్నదే ఆధారము. అన్నమాచార్యుల అధ్యాత్మ సంకీర్తనల మొదటి రేకు మీది వ్రాత అమూల్యమైనది. వారికి పదునాఱవ యేట శక వర్షము 1346 క్రోధి సంవత్సరమున స్వామి ప్రత్యక్షమైనట్లును, అది మొదలు శక వర్షము 1424 దుందుభి సంవత్సర ఫాల్గుణ బహుళ ద్వాదశి వరకు వారు విన్నవించిన అధ్యాత్మ సంకీర్తనలు ఇవి యైనట్లును అది తెలుపును. 1408 జననము, 1424 స్వామి సాక్షాత్కారము, 1503 నిర్యాణము అని నేడు మనము చెప్పుకొను లెక్కకు ఆ శీర్షికయే మూలము. పాటల పైన వ్రాసిన రెండు మూడు పంక్తులు ఒక మహాభక్తుని జీవితకాలమును కాపాడినవి.

రెండవది విషయము. రేకులు పాటలను అధ్యాత్మ సంకీర్తనలనియు, శృంగార సంకీర్తనలనియు రెండుగా విభజించినవి. ముద్రిత సంపుటములును ఆ విభాగమునే అనుసరించినవి. శీర్షికను మాత్రము చూచి, మొదటిది భక్తి, రెండవది లౌకికము అని తలచువాడు మోసపోవును. నమ్మాళ్వారు పరాంకుశనాయకియై విలపించెను. తిరుమంగై ఆళ్వారు పరకాలనాయకియై నాథుని వేడెను. అహోబిలమున శఠకోపయతి సన్నిధిలో వైష్ణవ వేదాంతమును అభ్యసించిన అన్నమాచార్యులకు ఆ మార్గము కొత్తది కాదు. అలమేలుమంగ విరహము జీవుని విరహమే. అందుచేత శృంగారమన్న శీర్షిక పాటలోని భావమునకు పేరు, దాని పరమార్థమునకు హద్దు కాదు. ఈ సంగతి తెలియని సూచికాకారుడు వానిని సాధారణ ప్రణయగీతముల వరుసలో చేర్చియుండును. అప్పుడు మోక్షార్థియైన భక్తునకు ఆ పాటలు ఎన్నడును కనబడకుండెడివి. పెద్దలు చెక్కించిన విభాగమును మార్పక నిలుపుటయు, దాని మర్మమును పీఠికలలో వివరించుటయు పరిష్కర్తల ధర్మమైనది.

మూడవది రాగము. ప్రతి పాటకు పైన రాగము పేరు ఉన్నది. శ్రీరాగము, ముఖారి, బౌళి, వరాళి వంటివి మనకు పరిచితములే. కొండమలహరి, అమరసింధు, తెలుగుఁగాంబోది వంటివి నేటి గాయకులకు తెలియనివి. రేకుల మీద స్వరములు లేవు. తాళ సూచనయు సాధారణముగా లేదు. అనగా ఇల్లు నిలిచినది, ఇంటి పేరు నిలిచినది, నడక మాత్రము తెలియరాలేదు. ఇట్టిచోట తెలియని రాగమునకు తోచిన మఱియొక పేరు వ్రాసిన పని సులభమగును, సత్యము చెడును. రేకున ఉన్న పేరే ముద్రణలోను నిలిచినది. శాస్త్రిగారి తరువాత మైసూరు నుండి తిరుపతికి వచ్చిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు పరిష్కరణమును కొనసాగించి, వందకు పైబడిన కీర్తనలకు వరుసలు కట్టి స్వరపఱచిరి. నేడు పలు కీర్తనలు రేకున ఉన్న రాగమున గాక వేఱు రాగములలో పాడబడుచున్నవి. అది దోషము కాదు. మూలములో ఏ రాగము ఉన్నదో సంపుటము తెఱచి చూచువానికి కనబడవలెను. అంతియే కోరదగినది.

నాల్గవది స్థానము. సంపుటములలో ప్రతి పాటకు రేకు సంఖ్య ముద్రింపబడినది. పల్లవుల అకారాది సూచిక చేర్పబడినది. పల్లవి తెలిసిన గృహిణియు, రాగము వెదకు గాయకుడును, రేకు చూడగోరు పరిశోధకుడును ఒక్క పాట వద్దకే వేఱు వేఱు దారుల చేరగలరు.

చిన్నన్న ద్విపదగా రచించిన అన్నమాచార్య చరిత్రమును శాస్త్రిగారు విపులమైన పీఠికతో 1949లో వెలువరించిరి. అంతవఱకు చెదరియున్న రేకులు, శాసనములు, కావ్యములు ఆ పీఠికలో ఒక్కచోట చేరి ఒక్క జీవితముగా రూపొందినవి. అది వారి చివరి కానుకలలో ఒకటి. 1950 ఆగస్టు 29వ తేదీన తిరుపతిలోనే, స్వామి పాదముల చెంత, వారు తనువు చాలించిరి. సంపుటములన్నియు వెలువడుటను వారు చూడలేదు. దేవస్థానమువారు 1978లో అన్నమాచార్య ప్రాజెక్టును నెలకొల్పి గ్రామగ్రామమున సంకీర్తనములను ప్రచారము చేయించుటయు వారు చూడలేదు. విత్తు నాటినవాడు పంటను చూడకపోవుట లోకమున ఉన్నదే.

వారి జీవితము ప్రతి వైష్ణవ గృహమునకు ఒక పని అప్పగించుచున్నది. మన యిండ్లలో అవ్వలు పాడిన మేలుకొలుపులు, లాలులు, మంగళహారతులు పాత నోటుపుస్తకములలో ఇంకను ఉన్నవి. పెక్కింటికి పైన ఏ మాటయు లేదు. పాడిన అవ్వ పోయిన పిదప అది ఎవరి పాటయో, ఏ వరుసలో పాడవలెనో, ఏ పండుగనాడు పాడుదురో చెప్పువారుండరు. పెద్దలు ఉన్నప్పుడే అడిగి పాటకు పైన వ్రాయవలెను: ఎవరి నోట వింటిమి, కర్త తెలిసిన ఎవరు, రాగమేది, ఏ సేవకు పాడుదురు. తెలియని చోటును ఖాళీగా విడువవలెను. ఊహించి నింపిన పేరు ఖాళీకంటె ఎక్కువ హాని చేయును.

పాట స్వామికి పుష్పము. పుష్పమును పేరెఱిగి కోసి, తగిన మాలలో గ్రుచ్చి, తగిన వేళకు అందించుట కైంకర్యము. అట్టి కైంకర్యమున ఆయువును ధారపోసిన ప్రభాకరశాస్త్రిగారి స్మృతికి అంజలి. అలమేలుమంగా సమేతుడైన శ్రీ వేంకటేశ్వరుడు మన యిండ్లలోని పాటలను చల్లగా కాపాడుగాక!