పని అప్పగించిన కాపరి: బిషప్ అజరయ్య గారి జీవితము



మోషే ప్రొద్దుటనుండి ప్రొద్దుగ్రుంకువరకు ఒంటరిగా కూర్చుండి ప్రజల తగవులన్నియు తీర్చుచుండెను. అది చూచిన ఆయన మామ యిత్రో, ఇట్లయిన పెద్దయు నిలువడు, ప్రజలును బాగుపడరని హెచ్చరించి, నమ్మకమైన మనుష్యులను ఏర్పరచి పని పంచి యిమ్మని బోధించెను. ఈ సంగతి నిర్గమకాండము 18వ అధ్యాయములో చదువుచున్నాము.

మన పల్లె సంఘములలో రెండు జబ్బులు కనబడుచున్నవి. ఒకటి, గుడి తాళపుచెవి, కానుకల పెట్టె, లెక్కల పుస్తకము, తీర్మానము అన్నియు ఒక్కరి చేతిలోనే యుండుట. ఆ ఒక్కరు పోయిననాడు సంఘము చెదరిపోవును. రెండవది, దూరమునుండి ఎవరో పంపు డబ్బుకొరకు కనిపెట్టుకొని కూర్చుండుట. ఆ డబ్బు ఆగిననాడు పనియు ఆగిపోవును. ఈ రెండు జబ్బులకును ఒకే మందు గలదని తన జీవితముచేత చూపిన దైవజనుడు మన తెలుగుదేశములోనే, డోర్నకల్‌లో నివసించెను. ఆయనే బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు.

ఆయన 1874 ఆగస్టు 17వ తేదీన తమిళదేశమందలి తిరునెల్వేలి జిల్లాలో, వెల్లాళన్‌విళై అను పల్లెలో జన్మించిరి. తండ్రి థామస్ వేదనాయగము గారు పల్లె సంఘపు గురువు. కుమారుడు బాలుడై యుండగానే తండ్రి ప్రభువునందు నిద్రించిరి. తల్లి భక్తితోను కట్టుదిట్టముతోను పెంచిరి. అజరయ్య గారు మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివిరి గాని, చివరి పరీక్షల సమయమున జబ్బుపడుటచేత పట్టా లేకయే కళాశాల విడిచిరి. 1895లో వై.ఎం.సి.ఏ.లో కార్యదర్శిగా చేరి దక్షిణదేశమంతట యౌవనుల మధ్య తిరిగి పనిచేసిరి. 1898లో అన్బు మరియమ్మాళ్ గారిని వివాహమాడిరి. ఆమె చదువుకొనిన స్త్రీ. తుదివరకు ఆయన పనిలో పాలిభాగస్థురాలు.

1902లో ఆయన సింహళ ద్వీపమందలి జాఫ్నాకు వెళ్లిరి. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో సువార్త పని నడుపుచుండుట చూచి ఆశ్చర్యపడిరి, సిగ్గుపడిరి కూడ. తిరునెల్వేలిలో క్రైస్తవులు వేలకొలది యున్నారు. గుడులున్నవి, బడులున్నవి. అయినను పని నడుపువారు దొరలు, డబ్బు పంపువారు దొరలు, తీర్మానించువారును దొరలే. మనవారు పుచ్చుకొనుట నేర్చిరి గాని ఇచ్చుట నేర్వలేదని ఆయన గ్రహించిరి.

ఇంటికి వచ్చి ఊరకుండలేదు. స్నేహితులను కూడగట్టి, 1903 ఫిబ్రవరి 12వ తేదీన తిరునెల్వేలి ఇండియన్ మిషనెరీ సొసైటీని స్థాపించిరి. దాని కట్టుబాటు సులువైనది: పనివారు మనవారే, డబ్బు మనదే, నడుపువారును మనవారే. అప్పుడు ఎక్కడికి పంపవలెనను ప్రశ్న వచ్చెను. వందలకొలది మైళ్ల దూరమున, నిజాము రాజ్యములో, భాష వేరైన తెలుగువారి నడుమనున్న డోర్నకల్‌ను ఎంచుకొనిరి. 1904లో మొదటి మిషనెరీ శామ్యూల్ పాక్యనాథన్ గారు అక్కడికి వచ్చిరి.

1905 డిసెంబరు 25వ తేదీన బంగాళాదేశమందలి శ్రీరామపురములో, పూర్వము కేరీ గారు పనిచేసిన స్థలమందే, దేశము నలుమూలల నుండి వచ్చినవారు కూడి నేషనల్ మిషనెరీ సొసైటీని స్థాపించిరి. దానికి మొదటి ప్రధాన కార్యదర్శి అజరయ్య గారే. ఇక్కడ ఒక క్రొత్త ఏర్పాటు చేసిరి. ఈ సొసైటీ తనకంటూ వేరొక సంఘమును పెట్టదు. విశ్వాసములోనికి వచ్చినవారు ఆ ప్రాంతములోనున్న సంఘములోనే చేరవలెను. తన పేరు పెంచుకొనుటకు కాక పనికొరకే పుట్టిన సంస్థ అది.

అయితే అజరయ్య గారి మనస్సులో ఒక ముల్లు గ్రుచ్చుకొనుచుండెను. ఊరూర తిరిగి యౌవనులను మిషనెరీలుగా పొమ్మని పిలుచుచున్నాను, మరి నేనెందుకు పోలేదు అను ప్రశ్న అది. 1909లో ఆయన వై.ఎం.సి.ఏ. ఉద్యోగము విడిచి, గురుత్వ అభిషేకమునకు లోబడి, భార్యాబిడ్డలతో డోర్నకల్ చేరిరి. తాను నాటిన సొసైటీకి తానే ఒక పనివాడాయెను. నేషనల్ సొసైటీ కార్యదర్శి బాధ్యతను కె.టి. పాల్ గారు వహించిరి. పదవిని గట్టిగా పట్టుకొనువారు అనేకులు. మరియొకరి చేతికిచ్చి తాను పొలములోనికి దిగినవారు కొందరే.

1910లో స్కాట్లండు దేశపు ఎడిన్‌బరోలో జరిగిన మిషనెరీల మహాసభలో ఆయన నిర్భయముగా మాటలాడిరి. మిషనెరీల త్యాగమును ఒప్పుకొనుచునే, ఇకమీదట యజమానులుగా కాక స్నేహితులుగా మెలగవలెనని వేడుకొనిరి. కొందరికి ఆ మాట కటువుగా తోచెను.

మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ దొరగారు మాత్రము ఈయనను నమ్మిరి. భారతీయుని బిషప్పుగా చేయరాదని దొరలలో కొందరు ఆక్షేపించిరి. మన దేశస్థులలో కూడ కొందరు సణిగిరి. అయినను 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తా సెయింట్ పాల్స్ దేవాలయములో అజరయ్య గారు బిషప్పుగా అభిషేకింపబడిరి. ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్పు ఆయనే.

నమ్మకము పొందినవాడు నమ్మకముంచుట నేర్చుకొనెను. డోర్నకల్ ప్రాంతములో సంఘమునకు వచ్చినవారిలో ఎక్కువమంది మాలలు, మాదిగలు. అక్షరము రానివారు, అప్పులలోను వెట్టిచాకిరిలోను నలిగినవారు. వీరు సంఘమును నడుపగలరా అని లోకము నవ్వెను. అజరయ్య గారు నవ్వలేదు. తెలుగు నేర్చుకొని, ఎద్దుబండి మీద పల్లె పల్లె తిరిగి, వారిలోనుండియే ఉపదేశులను, గురువులను తీర్చిదిద్దిరి. కాలక్రమమున ఆ అధ్యక్షమండలిలో భారతీయ గురువులే వందకు మించిరి. మురికి, రోగము, అప్పు, త్రాగుడు అను నాలుగు దయ్యములను పల్లెనుండి వెళ్లగొట్టుమని ఆయన బోధించిరి.

డబ్బు సంగతియు అట్లే. బీదలు ఏమి ఇయ్యగలరని ఆయన అనుకొనలేదు. అన్నము వండునప్పుడు తల్లులు పిడికెడు బియ్యము వేరుగా తీసిపెట్టిరి. కోతల కాలమున ధాన్యము, కోళ్లు, గ్రుడ్లు, కూరగాయలు గుడికి తెచ్చిరి. ఇచ్చినవాడు తల యెత్తుకొనును. ఇది నా సంఘమని చెప్పుకొనును. ఈ సంగతినిగూర్చి ఆయన క్రైస్తవ దాతృత్వమను అంశముపై ఒక గ్రంథమే వ్రాసిరి. డోర్నకల్ దేవాలయమును కట్టుటకు సుమారు పాతికేండ్లు పట్టెను. గుడి స్తంభములను, మసీదు గుమ్మటములను పోలిన అందము కలగలిసిన ఆ మందిరము 1939 జనవరి 6వ తేదీన ప్రతిష్ఠింపబడెను.

ఆయన తలపెట్టినదంతయు నెరవేరెనని మేము చెప్పము. మాలలు మాదిగలు ఒకే బల్లయొద్ద కూర్చుండవలెనని ఆయన ఎంతో పాటుపడినను ఆ గోడ పూర్తిగా కూలలేదు. దక్షిణదేశ సంఘములన్నియు ఏకము కావలెనని 1919లో తరంగంబాడిలో మొదలిడిన ప్రయత్నమునకు ఆయన ముందునిలిచిరి గాని, దాని ఫలమును చూడలేదు. 1945 జనవరి 1వ తేదీన డోర్నకల్‌లో ప్రభువునందు నిద్రించిరి. దక్షిణ ఇండియా సంఘము 1947 సెప్టెంబరు 27వ తేదీన ఏర్పడెను.

ప్రియులారా, ఇక్కడనే మనము నేర్వవలసిన పాఠమున్నది. కాపరి పోయెను, పని ఆగలేదు. ఆయన పోవునాటికి ఆ అధ్యక్షమండలిలో విశ్వాసులు రెండు లక్షలకు మించియుండిరి. ఆయన స్థాపించిన ఆ రెండు సొసైటీలును నేటికిని పనిచేయుచున్నవి. ఆయన పనిని తన చుట్టు కట్టుకొనక, ఇతరుల చేతులలో పెట్టుటయే దీనికి కారణము.

పౌలు యెరూషలేములోని బీదలకొరకు చందా కూర్చినప్పుడు, ఎవరును తప్పు పట్టకుండునట్లు సంఘములు ఏర్పరచిన మనుష్యులను వెంటబెట్టుకొని పోయెను. రెండవ కొరింథీయులకు పత్రిక 8వ అధ్యాయము చదివి చూడుడి. అపొస్తలుడే ఒంటరిగా డబ్బు మోయనియెడల మనమెంతవారము?

ఈ నెల మీ సంఘ పెద్దలు కూడినప్పుడు మూడు ప్రశ్నలు వేసికొనుడి. మన లెక్కలు సంఘమంతటి యెదుట చదువబడుచున్నవా? స్త్రీలకు, యౌవనులకు మనము అప్పగించిన పని ఏది? రేపు మనము లేకపోయినను ఈ గుడిలో దీపము వెలుగునా?

జవాబు చెప్పుటకు మనస్సు జంకినయెడల, అక్కడనే మోకాళ్లూనుదము. అజరయ్య గారిని నమ్మి పని అప్పగించిన దేవుడు మనకును నమ్మకమైన హృదయమును, పంచి యిచ్చు చేతులను దయచేయును గాక. ఆమేన్.