యల్లాప్రగడ సుబ్బారావు

ఊరగాయపైనను, తడిసిన తోలుపైనను బూజు కనబడినచో మనము దానిని హేయవస్తువుగా నెంచి తుడిచివేయుదుము. కాని అట్టి అల్పజీవులలోనే ప్రాణదాయకములగు ఔషధములు దాగియున్నవని 20వ శతాబ్దమున శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఆ అన్వేషణకు సారథ్యము వహించినవారిలో మన తెలుగువాడొకడు కలడు. ఆయనయే డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు రెవిన్యూశాఖలో చిరుద్యోగి. అనారోగ్యముచే ఆయన ముందుగనే ఉద్యోగము విరమింపవలసివచ్చెను. ఏడుగురు సంతానముగల ఆ యింట లేమి తాండవించెను. బాలుడగు సుబ్బారావునకు చదువుపై మనసు నిలువలేదు. కాశికిబోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనమార్జింపవలెనని పదమూడవ యేట ఇల్లు విడిచిపోయెను. తల్లి వెంకమ్మగారు అతనిని వెనుకకు రప్పించి మరల బడికి పంపెను. తన నగలమ్మియైనను కుమారుని చదివింపవలెనని ఆమె పట్టుదల. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పి, మూడవమారు మదరాసు హిందూ హైస్కూలునుండి ఆయన ఉత్తీర్ణుడయ్యెను.

కళాశాలలో చదువుచుండగా ఆయనకు వైరాగ్యము గలిగి, సన్యసింపనెంచి రామకృష్ణమఠము నాశ్రయించెను. వైద్యమభ్యసించి దీనులకు సేవచేయుమని అచటి పెద్దలు హితవుగరపిరి. అంతట మదరాసు వైద్యకళాశాలలో చేరెను. మామగారగు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు చదువునకు ధనసహాయ మొనర్చిరి. అది గాంధీమహాత్ముని పిలుపు దేశమును కదలించుచున్న కాలము. సుబ్బారావుగారు ఖద్దరు ధరించి శస్త్రచికిత్స తరగతికి పోవగా ఆంగ్లేయుడగు ఆచార్యునకు అది రుచింపలేదు. తత్ఫలితముగా ఆయనకు ఎం.బి.బి.ఎస్. పట్టము దక్కక, తక్కువదగు ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించెను.

అంతకంటె దారుణమైన దెబ్బ మరియొకటి తగిలెను. ఆయన సోదరు లిరువురు స్ప్రూ అను గ్రహణిరోగమువాతబడి మరణించిరి. తిన్న అన్నము ఒంటబట్టక, రక్తము క్షీణించి మనిషి శల్యావశిష్టుడగు వ్యాధి అది. దానికి మందెరిగిన వైద్యుడు ఆనాడు లేడు. ఆ మందును కనుగొనవలెనను కోరిక సుబ్బారావుగారి హృదయమున నాటుకొనెను.

1922 అక్టోబరులో ఆయన అమెరికాలోని బోస్టను నగరము చేరిరి. కాకినాడలోని మల్లాడి సత్యలింగనాయకరు ధర్మసంస్థయు, మామగారును ప్రయాణమునకు తోడ్పడిరి. హార్వర్డులో పగలు చదువుచు, రాత్రులందు ఆసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలు కడిగి పొట్టపోసికొనిరి. సైరస్ ఫిస్కే అను ఆచార్యునితో గూడి రక్తమునందలి భాస్వరమును కొలుచు విధానమును 1925లో ప్రకటించిరి. కండరములకు శక్తినిచ్చు ఫాస్ఫోక్రియేటిన్ అను పదార్థమును 1927లోను, సకలజీవులకు శక్తినిధియగు ఏ.టి.పి.ని 1929లోను వెల్లడించిరి. ఏ.టి.పి.ని అదే కాలమున జర్మనీలో కార్ల్ లోమన్ అను శాస్త్రజ్ఞుడు వేరుగా కనుగొనెను.

1940లో సుబ్బారావుగారు న్యూయార్కు రాష్ట్రమునందలి పెరల్ రివర్ గ్రామమున లెడర్లీ ఔషధపరిశోధనశాలలో చేరిరి. అచట వారి శ్రమ ఫలించెను. 1945లో వారి బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. సోదరులను బలిగొన్న గ్రహణికి అది మందయ్యెను. 1947లో బోదకాలు వ్యాధికి డైఇథైల్ కార్బమజైను లభించెను. ఫోలిక్ ఆమ్లమును పోలి దాని పనిని అడ్డగించు అమినోప్టెరిన్ అను ఔషధమును కూడ వారి బృందమే రూపొందించెను. దానితో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు రక్తపు క్యాన్సరు సోకిన బిడ్డలకు కొంతకాలము ఉపశమనము కలిగింపగలిగెను.

ఆ పరిశోధనశాలలోనే బెంజమిన్ డగ్గర్ అను వృద్ధశాస్త్రజ్ఞుడు మట్టినమూనాలను పరీక్షించుచుండెను. మిస్సోరీ నుండి వచ్చిన మట్టిలో బంగారువన్నెగల సూక్ష్మజీవి యొకటి కానవచ్చెను. బూజువలె పోగులు సాచి పెరిగినను అది బాక్టీరియాజాతికి చెందినది. దానినుండి పుట్టిన ఆరియోమైసిన్ అను మందు 1948లో లోకమునకు వెల్లడియయ్యెను. టెట్రాసైక్లిన్ జాతి మందులలో ఇది మొదటిది. ఆ సంవత్సరము ఆగస్టునెలలోనే సుబ్బారావుగారు నిద్రలో హృద్రోగముచే మరణించిరి. అప్పటికి వారి వయస్సు 53 ఏండ్లు. భార్య శేషగిరిగారిని మరల కనులజూచు భాగ్యము వారికి కలుగలేదు.

మట్టినుండి పుట్టిన మందు అట్లుండగా, సముద్రము కూడ తన నిధిని విప్పెను. సుబ్బారావుగారు పుట్టిన నెలలోనే ఇటలీలోని సార్డీనియాద్వీపమున జన్మించిన జ్యుసెప్పె బ్రోట్సు అను వైద్యుడు, కాగ్లియారి రేవున మురికికాలువ సముద్రమున గలియుచోటును పరిశీలించెను. 1945లో ఆ నీటినుండి ఒక శిలీంధ్రమును వేరుచేసెను. అది తనచుట్టు గల బాక్టీరియాను చంపు రసమును స్రవించుచున్నదని 1948లో ప్రకటించెను. ఆక్స్‌ఫర్డు శాస్త్రజ్ఞులు దానిని శోధింపగా సెఫలోస్పోరిన్ లను ఔషధములు పుట్టెను. మొదటి మందు రోగులకందుటకు 1964 వరకు ఆగవలసివచ్చెను.

ఉప్పునీటిలో ఆహారము తక్కువ, పోటీ ఎక్కువ. అందుచే అచటి జీవులు ఆత్మరక్షణకై వింతరసములను తయారుచేసికొనును. కాని వానిలో పెక్కు ప్రయోగశాలలో పెరుగవు. పెరిగినను రసము రవ్వంతయే లభించును. గోదావరి సముద్రముగలియు కోరంగి మడ అడవులలో నీటమునిగి చివికిన కొయ్యపై పెరుగు శిలీంధ్రములను పరిశోధకులు గుర్తించిరి. ఓడరేవునకును, ఉక్కు కర్మాగారమునకును పేరొందిన విశాఖపట్టణమున ఆంధ్రవిశ్వకళాపరిషత్తు శాస్త్రజ్ఞులు బంగాళాఖాతపు అడుగుమట్టిలోని సూక్ష్మజీవులను మందులకై శోధించిరి. ఆ నగరమునకు చేరువనున్న పరవాడలో నేడు ఔషధపరిశ్రమలు వెలసినవి.

సుబ్బారావుగారి స్మృత్యర్థము 1953లో ఒక శిలీంధ్రమునకు సుబ్బరోమైసెస్ అను పేరిడిరి. మురికినీటిని శుద్ధిచేయు వడపోతలలో అది కనబడినది. బంగారు విగ్రహముకంటె ఆ సామాన్యజీవి వారికి తగిన స్మారకము. బాలబాలికలారా! పరీక్షలో రెండుమారులు తప్పిన భీమవరపు బాలుడు కోట్లాది ప్రాణములకు కాపయ్యెను. విశాఖ తీరమున కెరటములు తెచ్చి పారవైచిన కొయ్యముక్కపై నల్లనిమచ్చ కనబడినచో దానిని తేలికగా చూడకుడు. ఓర్పుతో పరిశీలించువానికి అందేమి దొరకునో ఎవరు చెప్పగలరు?