వేమన పద్యాలను ఏరి కూర్చిన బ్రౌన్ దొర

కడప: నీళ్ళలో ఏనుగునైనా లాగే మొసలి ఒడ్డెక్కితే కుక్కకు కూడా లోకువేనని మన పల్లెల్లో చదువురాని ముసలివారు సైతం చెబుతారు. పంచతంత్రంలో అయితే ఇంత కథకు నాలుగు పేజీలు కావాలి. వేమన రెండు పాదాల్లో కథ ముగించి, మూడో పాదంలో నీతి చెప్పి, నాలుగోది మకుటానికి వదిలాడు. ఊరూరా నోళ్ళలో ఆడుతున్న ఇలాంటి పద్యాలను పట్టుబట్టి పోగుచేసి అచ్చు వేయించిన ఘనత ఒక ఇంగ్లీషు దొరది.

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798 నవంబరు 10న కలకత్తాలో జన్మించారు. తండ్రి క్రైస్తవ మతబోధకుడు. కంపెనీ కొలువు నిమిత్తం 1817లో మద్రాసు చేరి, వెలగపూడి కోదండరామ పంతులు వద్ద తెలుగు దిద్దుకున్నారు. 1820లో కడప కలెక్టరుకు సహాయకుడిగా వచ్చారు.

1824లో మచిలీపట్నంలో ఉండగా ఒక ఫ్రెంచి పాదిరీ రాసిన పుస్తకంలో వేమన పేరు ఆయన కంటబడింది. అప్పటినుంచి తాటాకుల వేట మొదలైంది. తీరా వచ్చిన ప్రతుల్లో ఒకదానికొకటి పొంతన లేదు. రాయసగాళ్ళ తప్పులు కొన్ని, నోట పడి మారినవి కొన్ని. పైగా ఆనాటి పండితులకు వేమనంటే చిన్నచూపు. కూలివాడికి కూడా అర్థమయ్యే పద్యం వారి లెక్కలో పద్యమే కాదు మరి! దొర ఊరుకోలేదు. అదే పండితులకు జీతాలిచ్చి కూర్చోబెట్టి, ప్రతులన్నీ పక్కపక్కన పెట్టించి పాఠాలు సరిచూయించారు. 1829లో దాదాపు 700 పద్యాలు ఇంగ్లీషు అనువాదంతో సహా మద్రాసులో అచ్చయ్యాయి.

1826లో మళ్ళీ కడప వచ్చినప్పుడు బంగళా, తోట కొని అక్కడే పండితులకు వసతి కల్పించారు. జీతాలు, కాగితాలు, సిరా అన్నీ సొంత ఖర్చే. అప్పులు కూడా చేశారు. తాటాకు చెదల పాలైతే దానిలోని పద్యం మళ్ళీ దొరకదని ఆయన తొందర.

1832-33 గుంటూరు కరువులో జనాన్ని ఆదుకున్నారు. పై అధికారులకు రుచించకపోయినా కరువును కరువనే రాశారు. 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వెలువరించారు. ఉద్యోగం విరమించి లండన్ వెళ్ళాక అక్కడి విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యులయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. 1884 డిసెంబరు 12న లండన్‌లోనే కన్నుమూశారు.

ఆయన కూడబెట్టిన తాళపత్రాలు మద్రాసు ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికి చేరాయి. కడపలో ఆయన బంగళా ఉన్న చోటనే ఆయన పేరిట గ్రంథాలయం, భాషా పరిశోధన కేంద్రం వెలిశాయి.