సయ్యద్ అబ్దుల్ రహీము

గుంటూరు, ప్రకాశము జిల్లాల నల్లరేగడి పల్లెలలో తిరునాళ్ల దినములందు ఎడ్ల బండలాగుడు పందెములు జరుగుచుండును. ఒక్కొక్కప్పుడు ధనికుడైన రైతు వేలకు వేలు పోసి ఒక ఊరినుండి పేరుపొందిన దాపటి గిత్తను, వేరొక ఊరినుండి అంతకంటె పేరుపొందిన వలపటి గిత్తను కొని తెచ్చును. రెండును మేలుజాతి ఒంగోలు గిత్తలే. అయినను ఒక్క కాడికి కట్టినప్పుడు ఒకటి ముందునకు లాగును, రెండవది ప్రక్కకు తీయును, బండ కదలదు. ఒకే కొట్టములో పుట్టి పెరిగి, చిన్ననాటినుండి జతగా నడచిన ఎడ్లు ఆ బండనే అవలీలగా ఈడ్చుకొని పోవుట కలదు. అట్లని కొని తెచ్చిన గిత్తలు ఎన్నడును గెలువవని చెప్పరాదు. గెలిచిన పందెములును పెక్కులు కలవు.

ఫుట్‌బాల్ ఆటలోను ఈ ప్రశ్నయే కలదు. పేరుపొందిన ఆటగాండ్రను ధనము వెచ్చించి తెచ్చుకొన్నచో జట్టునకు జయము లభించునా? లేక పిల్లలను చేరదీసి తీర్చిదిద్దుకొనవలయునా? హైదరాబాదు నగరమునందలి ఒక ఉపాధ్యాయుడు ఇరువది సంవత్సరముల కాలము రెండవ మార్గముననే నడచెను. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీము. జనులు ఆయనను ప్రీతితో రహీం సాహెబు అని పిలిచెడివారు.

రహీము 1909వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన హైదరాబాదులో జన్మించెను. ఉస్మానియా విశ్వవిద్యాలయములో చదువుచు ఆ విద్యాలయపు జట్టులో ఫుట్‌బాల్ ఆడెను. పిదప ఉపాధ్యాయ వృత్తిని స్వీకరించి కాచిగూడ, చాదర్‌ఘాట్ మొదలగు చోట్ల పాఠశాలలలో పనిచేసెను. వ్యాయామ విద్యలో డిప్లొమా పొందెను. ఆటస్థలమునందును ఆయన తుదివరకు ఉపాధ్యాయుడుగనే ఉండెను. పాఠమును ముక్కలుగా విభజించి, ఒక ముక్క వచ్చినపిదప మరియొకటి నేర్పుట ఆయన పద్ధతి.

1940వ దశకపు తొలి సంవత్సరములలో ఆయన హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శి అయ్యెను. ఆ దినములలోనే శివకుమార్ లాల్ అను పోలీసు అధికారి హైదరాబాదు సిటీ పోలీసు జట్టును పెంచి పోషించుచుండెను. జట్టును తీర్చిదిద్దు భారము రహీముపై పడెను. కలకత్తా సంఘములవలె ధనము కుమ్మరింపగల శక్తి ఆ జట్టునకు లేదు. అయినను ఆకర్షణ యేదియు లేదనుట సరికాదు. పేద కుటుంబపు బాలునకు పోలీసు శాఖలో స్థిరమైన ఉద్యోగము దొరకుట ఆ కాలమున స్వల్ప విషయము కాదు. కాని ఉద్యోగమిచ్చిన మాత్రమున ఆట రాదు గదా!

రహీము ఆటను నేర్పిన తీరు విచిత్రమైనది. ఆ కాలపు ఆటగాండ్రలో అనేకులు బంతి తమకు చిక్కగనే దానిని కాళ్ల నడుమ ఆడించుచు, ఒక్కొక్కరిని తప్పించుకొనుచు పోవుటయే గొప్ప అని తలచెడివారు. చూచువారును చప్పట్లు కొట్టెడివారు. దీనినే డ్రిబ్లింగు అందురు. రహీము డ్రిబ్లింగు నిషిద్ధమైన పోటీలను ఏర్పాటు చేసెను. బంతి వచ్చిన వెంటనే తోటివానికి అందింపవలసినదే. అట్లు అందింపవలెనన్నచో, బంతి రాకముందే తోటివాడు ఎక్కడ ఉన్నాడో చూచుకొనవలయును. పాసు ఇచ్చినవాడు నిలిచి చూడక ఖాళీ స్థలమునకు పరుగెత్తవలయును. బాలునకు కన్నును, కాలును, బుద్ధియు ఏకకాలమున పనిచేయుట దీనివలన అలవడెను.

మరియొక పోటీలో ఎవనికి ఏ కాలు బలహీనమో ఆ కాలితోనే ఆడవలయును. కుడికాలివాటము గలవాడు ఎడమకాలితో తన్నుచు మొదట నవ్వులపాలయ్యెడివాడు. కొన్ని నెలలకు రెండు కాళ్లును సమానమయ్యెడివి. పొట్టి బాలురు బలిష్ఠుల నడుమ నలిగిపోకుండుటకై నిర్ణీతమైన ఎత్తునకు మించని వారికే ప్రత్యేకముగా పోటీలు పెట్టించెను. ఈ పోటీలకు ఖరీదైన పరికరము ఒక్కటియు అవసరము లేదు. నియమము మార్చుటయే పరికరము.

ఫలితము త్వరలోనే కనబడెను. బొంబాయిలో జరుగు రోవర్సు కప్పును హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదు సంవత్సరములు గెలుచుకొనెను. 1950లో ఢిల్లీలోని డ్యూరాండు కప్పు ఫైనలులో కలకత్తా మోహన్ బగాను జట్టును ఓడించెను. 1954, 1957 సంవత్సరములలో ఆ కప్పును మరల గెలిచెను. ఆంధ్రప్రదేశ్ ఏర్పడినపిదప ఆ జట్టు ఆంధ్ర పోలీసు అను పేరుతో ఆడి, 1961లో మోహన్ బగానును మరియొకసారి జయించి అదే కప్పును తెచ్చెను.

ఇక రెండవ మార్గము మాట. ఆనాడు దేశమున ఫుట్‌బాల్‌నకు రాజధాని కలకత్తా. అచ్చటి మోహన్ బగాను, ఈస్ట్ బెంగాల్, మహమ్మదన్ స్పోర్టింగు సంఘములకు లక్షలాది అభిమానులు కలరు. జట్టు ఓడిన దినమున అభిమానుల ఇండ్లలో పొయ్యి వెలుగలేదనుట అచ్చట కొత్త మాట కాదు. నియమముల ప్రకారము ఆటగాండ్రకు జీతమీయరాదు; అయినను బస, భోజనము, ఖర్చులకు ధనము, ఏదేని కంపెనీలో ఉద్యోగము చూపి సంఘములు మంచి ఆటగాండ్రను దూరదేశములనుండి రప్పించుకొనుచుండెను. ఈస్ట్ బెంగాల్ సంఘము దక్షిణదేశము నుండి అట్లు చేర్చుకొన్న వెంకటేశ్, అప్పారావు, ధనరాజ్, అహమ్మద్ ఖాన్, సాలే అను ఐదుగురిని వంగదేశీయులు పంచపాండవులని పిలిచిరి. వారి కాలములో, 1949లో, ఆ సంఘము కలకత్తా లీగును, ఐ.ఎఫ్.ఎ. షీల్డును, రోవర్సు కప్పును ఒకే సంవత్సరము గెలిచెను. 1952లో డ్యూరాండు ఫైనలులో ఓడింపబడినది రహీము జట్టే. కనుక కొని తెచ్చిన ఆటగాండ్రవలన జయము రాదనుట సత్యదూరము. అయితే ఆ ఐదుగురును కొన్ని సంవత్సరములు ఒక్కచోట కలిసి ఆడిరను విషయము మరువరాదు. వారు కాడికి అలవాటుపడిన ఎడ్లు.

ఈ కాలమున పారిస్ నగరపు సంఘమునకు వేరొక అనుభవము కలిగెను. అది 2017లో బ్రెజిలు దేశస్థుడైన నేమారు అను ఒక్క ఆటగానికై 22 కోట్ల యూరోలకు పైగా చెల్లించెను. తరువాత మెస్సీ అంతటివాడును అచ్చట చేరెను. స్వదేశమున కప్పులు వచ్చినవి గాని, ఐరోపా ఛాంపియన్ల కప్పు రాలేదు. ఆ మహామహులు ఒక్కొక్కరే వెడలిపోయిన పిదప 2025లో, యువకులు ఎక్కువగా నున్న జట్టు దానిని గెలిచెను. ధనము అప్పుడును తక్కువ కాలేదు. మారినది జట్టు ఆడిన తీరు.

కలకత్తా సంఘముల చూపు మెల్లమెల్లగా హైదరాబాదుపై నిలిచెను. రహీము తీర్చిన బాలురలో పలువురు అటు వెడలిపోయిరి. తులసీదాస్ బలరాము కథ దీనికి ఉదాహరణము. సికిందరాబాదు సమీపమునందలి అమ్ముగూడలో పుట్టిన పేద బాలుడాతడు. శిక్షణకు రమ్మని రహీము పిలిచినప్పుడు, అంత దూరము వచ్చిపోవుటకు బాలునివద్ద డబ్బు లేకపోయెను. సైకిలు అద్దెకు కావలసిన పైకమును రహీము తన చేతినుండి ఇచ్చి రప్పించుకొనెను. 1956లో బలరాము సంతోష్ ట్రోఫీలో హైదరాబాదు పక్షమునను, మెల్బోర్ను ఒలింపిక్సులో దేశము పక్షమునను ఆడెను. 1957లో ఈస్ట్ బెంగాల్ సంఘమున చేరెను. అతనిని నిందింపరాదు, ఆట తప్ప ఆస్తి లేని యువకుడు మంచి అవకాశమును విడిచిపెట్టునా? మిరపనారు పోసి, పైన ఎండుగడ్డి కప్పి, పూటపూటకు నీరు చిలికి పెంచినవాడొకడు. ఆ నారును కొనిపోయి తన చేనిలో నాటి కాయ కోసుకొన్నవాడు వేరొకడు. నారు కొన్నవాని చేను పండిన మాట నిజమే. నారుమడి లేకున్న అతడేమి కొనును?

ఆటగాడు వెడలిపోయినప్పుడెల్ల రహీము మరియొక బాలునితో మొదటి పాఠమునుండి ఆరంభించెడివాడు. 1956, 1957 సంవత్సరములలో హైదరాబాదు జట్టు వరుసగా రెండుసార్లు సంతోష్ ట్రోఫీని గెలిచెను.

1950 నుండి ఆయన భారతదేశపు జట్టునకును శిక్షకుడుగా నుండెను. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో భారతజట్టు ఇరానును 1–0 గోలు తేడాతో ఓడించి స్వర్ణపతకమును పొందెను. మరుసటి సంవత్సరమే హెల్సింకీ ఒలింపిక్సులో యుగోస్లావియా చేతిలో 10–1గా ఓడిపోయెను. మనవారిలో పలువురు ఆ చలిలో, బూట్లు లేక వట్టి కాళ్లతో ఆడిరి. ఇట్టి ఓటమి తరువాత శిక్షకుడు తలదించుకొని ఇంటికి పోవుట లోకములో సహజము. రహీము మాత్రము నేర్చుకొనుటకు పూనుకొనెను. ఆ ఒలింపిక్సులో స్వర్ణము గెలిచిన హంగరీవారు సెంటర్ ఫార్వర్డును గోలు ముందు నిలుపక వెనుకకు జరిపి ఆడించుచుండిరి. దానివలన ఎదుటి రక్షకులకు ఎవరిని కాచుకొనవలయునో తెలియదు. రహీము ఆ పద్ధతిని శ్రద్ధగా పరిశీలించి తన జట్టులకు నేర్పెను.

నాలుగేండ్లకు మెల్బోర్నులో భారతజట్టు ఆస్ట్రేలియాను వారి గడ్డపైననే 4–2 గోలులతో ఓడించెను. నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోలులు చేసెను. ఒలింపిక్సు సెమీఫైనలు చేరిన మొదటి ఆసియా జట్టు మనదే. అచ్చట యుగోస్లావియాపై మొదటి గోలు చేసినదియు మనవారే. తుదకు 4–1గా ఓడి, పిదప బల్గేరియా చేతిలో ఓడి నాలుగవ స్థానమున నిలిచిరి. 1960లో రోములో ఫ్రాన్సుతో 1–1గా సమానముగా ఆడిరి. ఆ జట్టునకు ఎంపికైన వారిలో రహీము కుమారుడు హకీము కూడ ఉండెను. తండ్రి శిక్షకుడైనను, అతనికి ఒక్క ఆటలోనైనను దిగు అవకాశము రాలేదు.

1962లో జకార్తా ఆసియా క్రీడలకు పోవు నాటికి రహీము ఊపిరితిత్తుల క్యాన్సరుతో బాధపడుచుండెను. ఆయన చేతిలోని జట్టులో దేశమునందలి మేటి ఆటగాండ్రందరును కలరు. చునీ గోస్వామి, జర్నెయిల్ సింగు మోహన్ బగానువారు, బలరాము, అరుణ్ ఘోష్ ఈస్ట్ బెంగాల్‌వారు, పి.కె. బెనర్జీ ఈస్టర్న్ రైల్వేవాడు. యూసఫ్ ఖాన్ ఆంధ్ర పోలీసువాడు. సంవత్సరమంతయు ఒకరితో నొకరు పోరాడువారిని ఒక్క కాడికి కట్టవలసి వచ్చెను. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2–0గా ఓడిరి. థాయిలాండును గెలిచిరి గాని, ఆ ఆటలో జర్నెయిల్ సింగు తల పగిలి కుట్లు పడెను. జపానును గెలిచిరి. జర్నెయిల్ రక్షకుడు; తలకు కట్టుతో వెనుక నిలుచుట కష్టము. రహీము అతనిని ముందునకు పంపి సెంటర్ ఫార్వర్డుగా ఆడించెను. ఆట వచ్చినవానికి ఏ స్థానమైనను నేర్పవచ్చునని నమ్మిన ఉపాధ్యాయుని నిర్ణయమది. సెమీఫైనలులో దక్షిణ వియత్నాముపై 3–2గా గెలిచిరి.

ఫైనలు సెప్టెంబరు 4వ తేదీన జరిగెను. ఇజ్రాయెలు, తైవాను దేశములను ఆ క్రీడలకు రానీయలేదు. దానిని భారతీయ అధికారి ఒకరు విమర్శించిరని జకార్తా ప్రజలు మనవారిపై కోపించియుండిరి. లక్షమంది అరుపుల నడుమ, మొదట తమ్మోడించిన కొరియాతోనే మనవారు తలపడిరి. పదునేడవ నిమిషమున బెనర్జీ, ఇరువదవ నిమిషమున జర్నెయిల్ గోలులు చేసిరి. కొరియా చివరకు ఒక్క గోలు మాత్రమే చేయగలిగెను. 2–1 గోలులతో స్వర్ణము మనదయ్యెను.

అప్పటికి రహీము ఆయువు ఇంక తొమ్మిది మాసములే. 1963వ సంవత్సరము జూన్ 11వ తేదీన, ఏబదినాలుగు సంవత్సరములు నిండకముందే, ఆయన మరణించెను. కార్యదర్శి పదవిలోను, శిక్షకత్వములోను ఉండగనే కన్నుమూసెను.

ఆ సంవత్సరమే ఆంధ్ర పోలీసు జట్టు రోవర్సు కప్పును గెలిచెను. 1965వ సంవత్సరపు సంతోష్ ట్రోఫీ ఫైనలులో ఆంధ్రప్రదేశ్ జట్టు బెంగాలును ఓడించెను. నారుమడిలో ఆయన చేతి చలువ ఇంకను మిగిలియుండెను. తరువాత హైదరాబాదునుండి కలకత్తాకు పోవు ఆటగాండ్ర సంఖ్య ఏటేట తగ్గిపోయెను. కలకత్తా సంఘములు ఇతర రాష్ట్రములనుండియు, పిదప నైజీరియా, బ్రెజిలు దేశములనుండియు ఆటగాండ్రను తెచ్చుకొనసాగెను. సంతోష్ ట్రోఫీ తెలుగువారి కెన్నడును మరల రాలేదు. ఆసియా క్రీడలలో భారతదేశము ఫుట్‌బాల్ స్వర్ణమును 1962 తరువాత గెలువలేదు.