యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరమున జన్మించెను. ఆయన సోదరులిరువురు స్ప్రూ అను గ్రహణివ్యాధిచే మరణించిరి. ఆ వ్యాధియే తనకును సోకగా, పాశ్చాత్య వైద్యము నభ్యసించిన ఆయన ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సవలన కోలుకొనెను. మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణశాస్త్రమును బోధించుచు, ఆయుర్వేద ఔషధముల గుణములను నవీన శాస్త్రపద్ధతిని పరిశోధింప బూనెను.

1922లో ఆయన అమెరికాకు వెళ్ళెను. అచట లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడపిన బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. స్ప్రూ రోగులకును, కొన్నివిధముల రక్తహీనతచే బాధపడువారికిని అది ఔషధమయ్యెను. తన యింట ఇరువురిని బలిగొన్న వ్యాధికి ఆయన లోకమునకు మందొసగెను. 1948లో ఆయన పరమపదించెను.

వ్యాధి నయమగుటతో తృప్తిచెందక, అది ఏల నయమయ్యెనో తెలిసికొన యత్నించువాడే నిజమైన వైద్యుడు.